మెరక వీధిలో మొదటి బిందె

ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటారు, "మేడం, మీ సర్వీసులో మీరిచ్చిన తప్పుడు రిపోర్టు ఏదైనా ఉందా?" అని. లేదర్రా, ఉంటే బాగుండేది. తప్పుడు రిపోర్టయితే దిద్దుకోవచ్చు, తిట్లు తినొచ్చు, మహా అయితే ఒక మెమో వస్తుంది. నా ప్రాణానికి చుట్టుకున్నది సరైన రిపోర్టు. ఏళ్ల తరబడి, నా సంతకంతో, ఒక్క అక్షరం పొల్లుపోకుండా సరైన రిపోర్టు.

నేను తాగునీళ్లు పరీక్ష చేసే ల్యాబులో కెమిస్టుని. ఊళ్లు తిరిగి సీసాల్లో నీళ్లు పట్టి తేవడం, అందులో పురుగులున్నాయో లేవో చూడటం నా పని. నాతోపాటు జీపులో ఒక అటెండరు వచ్చేవాడు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. వరసకి ఏమీ కాడు గానీ బాబాయ్ అనేదాన్ని. ఆయన నన్ను "అమ్మాయిగారూ" అనేవాడు. నా జుట్టు తెల్లబడ్డాక కూడా అదే పిలుపు.

ఆ ఊరు భీమవరానికి కాస్త దూరం. చుట్టూ రొయ్యల చెరువులు. కాలవ నీళ్లు తాగే స్థితిలో లేవు, ఎక్కడ బోరు దింపినా ఉప్పే. అదృష్టం కొద్దీ ఊరి చివర పాత ఇసక మేట ఒకటుంది, అక్కడ వేసిన బోరులో మాత్రం తియ్యటి నీళ్లు పడ్డాయి. ఆ ఒక్క బోరు, దాని మీద ఒక ట్యాంకు, ఊరంతా కుళాయిలు. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట నీళ్లు వదిలేవారు. పంపు ఆపరేటరు నెమ్మదస్తుడు, ఏం చెప్పినా "ఆయ్" అని మొదలుపెట్టేవాడు. బ్లీచింగు పౌడరు మాత్రం దేవుడికి దీపం పెట్టినట్టు తప్పకుండా కలిపేవాడు.

శాంపిలుకని వెళ్తే మమ్మల్ని ఎప్పుడూ మెరక వీధిలో చివరింటికి తీసుకెళ్లేవాడు. ఊరంతా పల్లం, ఆ వీధొక్కటే కొంచెం ఎత్తు. "ఆయ్, ఊళ్లో అంత శుభ్రమైన కుళాయి ఇంకెక్కడా లేదండి," అనేవాడు. నిజమే. కుళాయి కింద సిమెంటు దిమ్మ, దాని మీద చిన్న ముగ్గు, తోమి తోమి మెరిసే ఇత్తడి ట్యాపు. ఇంటాయన భీమవరంలో ఐసు ఫ్యాక్టరీకి వెళ్లి పొద్దు పోయాక వచ్చేవాడు. ఇల్లంతా ఆవిడ చేతి మీదే నడిచేది. నీళ్ల వేళకి ఆవిడ తలారా స్నానం చేసి, తడి చీరతో ఇత్తడి బిందె పట్టుకుని సిద్ధంగా ఉండేది. కుళాయి గాలి కక్కి, దగ్గి, నీళ్లు రాగానే మొదటి బిందె ఆవిడది. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. కొంచెం దేవుడి దగ్గరికి, మిగిలింది ఇంట్లో ఎవరైనా ఆడపిల్ల పురిటికి వస్తే ఆ పిల్లకి. "ఇంకెవరి చెయ్యీ పడకముందు వచ్చే నీళ్లండి," అని చెప్పేది. ఆ బిందె లోపలికి వెళ్లాక కుళాయి మాకు వదిలేది.

అప్పుడు మా తంతు మొదలు. పుస్తకంలో ఎలా రాసి ఉందో అలాగే. స్పిరిట్‌లో ముంచిన దూదితో కుళాయి మూతి కాల్చాలి. మూడు నిమిషాలు నీళ్లు వదిలెయ్యాలి. ఆ తర్వాతే సీసా పట్టాలి. బాబాయ్ వాచీ చూసి, "అయిందండి," అనేదాకా నేను సీసా మూత తీసేదాన్ని కాదు. పెళ్లి ముహూర్తానికి కూడా మా ఇంట్లో అంత కచ్చితం లేదు. ఆ ఊరి నీళ్ల ఫలితం ప్రతిసారీ ఒకటే. తాగడానికి యోగ్యం.

తర్వాత ఆ వీధిలో మనుషులు పోవడం మొదలైంది.

మొదట పోయింది ఆ చివరింటావిడ పెద్ద కూతురే. పురిటికి వచ్చింది, ఏడో నెలలో కామెర్లు కమ్మాయి. రాజమండ్రి తీసుకెళ్లారు. తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు. మరుసటేడు పక్కింటి కోడలు, ఆ పిల్లకి ఆరో నెల కూడా నిండలేదు. అవే కామెర్లు. డాక్టర్లు ఇది నీళ్ల వల్ల వచ్చే రకమని రాశారు. మామూలు మనిషికి వస్తే పథ్యం పెట్టుకుని లేచి తిరుగుతాడు, కడుపుతో ఉన్నవాళ్లకి వస్తే మాత్రం ప్రాణం తీస్తుంది. మాకు ఉత్తరం వచ్చింది. పరుగున వెళ్లాం. మూడుసార్లు శాంపిలు తీశాం. మూడుసార్లూ అద్దంలాంటి నీళ్లు.

ఊళ్లోవాళ్లు డాక్టర్ల మాటా వినలేదు, మా మాటా వినలేదు. వాళ్ల లెక్క వాళ్లకుంది. ఆ వీధి కోడళ్లు కడుపుతో ఉన్నప్పుడు పుట్టింటికి వెళ్తే పండులాంటి బిడ్డతో తిరిగొస్తున్నారు. ఇక్కడే ఉన్నవాళ్లు, ఇక్కడికి వచ్చినవాళ్లు పోతున్నారు. వీధి దాటితే చాలు, ఏమీ లేదు. ఇంతకంటే రుజువేం కావాలి? గాజులమ్మే మనిషి ఊరంతా తిరిగి ఆ వీధి మొగలో ఆగి వెనక్కి వెళ్లిపోయేది. సీమంతాలు ఊరి బయట చుట్టాలిళ్లలో చేసుకునేవారు. ఆపరేటరు కూడా ఆ వీధిలోకి రాగానే గొంతు తగ్గించేవాడు. "ఇక్కడ ఏదో ఉందండి. ఏదని నన్నడక్కండి," అనేవాడు.

నేను నవ్వేదాన్ని. సైన్సు చదువుకున్న మనిషిని కదా, ఆ మాత్రం పొగరు ఉంటుంది. బాబాయ్ మాత్రం ఒకరోజు జీపులో, "ఇన్ని ఊళ్లు తిరిగాం అమ్మాయిగారూ, ఏ ఊరి నీళ్లకైనా ఒకసారి కాకపోతే ఒకసారి మచ్చ వస్తుంది. ఇక్కడ ఇంత శుభ్రంగా ఉండటమే నాకు నచ్చట్లేదు," అన్నాడు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదన్న సంగతి ఆయనకి చెప్పలేదు.

ఆపై ఏడు చివరింటావిడే నాకు ఫోను చేసింది. రెండో కూతురికి ఐదో నెల. అత్తగారు లేరు, అల్లుడు డ్యూటీ మీద ఊళ్లు తిరుగుతాడు, చూసే దిక్కు లేక పుట్టింటికి వచ్చేసింది. వచ్చి అప్పటికే మూడు వారాలైంది. వీధివీధంతా ఆవిడ మొహం మీదే అంటున్నారట, ఒకదాన్ని మింగింది చాలదా, రెండోదాన్ని కూడా తెచ్చావా అని. "నాకు అలాంటి నమ్మకాలు లేవమ్మా. కానీ మీరొచ్చి ఇంకొక్కసారి చూడండి. మీ మాటే నాకు ధైర్యం," అంది. ఆవిడ గొంతులో మాత్రం ధైర్యం లేదు.

మర్నాడే బయలుదేరాం. ఎన్నడూ లేనిది దారిలో జీపు పంచరైంది. మేం వీధిలోకి అడుగు పెడుతుంటే ఆపరేటరు సైకిలు మీద ఎదురొచ్చాడు, ఇప్పుడే వాల్వు కట్టేసి వస్తున్నానని. నీళ్లు ఆగిపోయాయి. సాయంత్రం దాకా శాంపిలు లేదన్నమాట. ఇంతదూరం వచ్చాం కదా, పలకరించి వెళ్దామని చివరింటికి వెళ్లాం. ఇంటావిడ పాల కేంద్రానికి వెళ్లింది. చిన్నమ్మాయి ఒక్కతే అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

ఎండ ఇంకా ముదరలేదు. నీళ్లు పట్టుకుని అందరూ లోపలికి వెళ్లిపోయారు, వీధిలో కోడి కూడా లేదు. అప్పుడు వినిపించింది. ఎవరో నా వెనక నిలబడి గుండె నిండా గాలి పీల్చుకున్నట్టు. సన్నగా, పొడుగ్గా. ఆగింది. మళ్లీ పీల్చింది. వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. కుళాయి ఉంది.

"అదేనండి," అంది ఆ అమ్మాయి, కాయలు ఒలవడం ఆపకుండా. "నీళ్లు ఆగాక కాసేపు అలా ఊపిరి పీలుస్తుంది."

"ఎప్పట్నుంచి?"

"అక్క ఉన్నప్పుడు కూడా ఉంది. అక్కే నాకు చూపించింది. అమ్మ ఎవరితోనూ అనొద్దంది. ఇప్పటికే ఈ వీధి గురించి అందరూ అనే మాటలు చాలు కదండీ." లేచి వచ్చి, ట్యాపు ఇంకాస్త తిప్పి, దాని మూతికి వేలు ఆనించింది. "మీరూ పెట్టి చూడండి. వదలదు."

పెట్టాను. చల్లటి ఇత్తడి నా వేలిని లోపలికి లాక్కుంది. చంటిపిల్ల నోట్లో వేలు పెడితే పట్టుకున్నట్టు పట్టుకుంది. నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు నా చదువు గుర్తు రాలేదు. ఆ పోయిన పిల్లే గుర్తొచ్చింది. వేలు లాక్కుని రెండడుగులు వెనక్కి వేశాను.

బుర్ర పని చెయ్యడానికి ఒక నిమిషం పట్టింది. ఈ వీధి మెరక. వాల్వు కట్టెయ్యగానే పైపులో మిగిలిన నీళ్లు పల్లంలో ఉన్న ఊరివైపు జారిపోతాయి. జారుతూ జారుతూ వెనక ఏం దొరికితే దాన్ని లాక్కుంటాయి. ఇక్కడ గాలి దొరికింది. మరి మిగతా ఇళ్ల దగ్గర ఏం దొరుకుతోంది?

"బాబాయ్, రా," అని వీధిలో పడ్డాను.

మెరక కావడంతో ఆ వీధికి నీళ్ల ధార సన్నం. అందుకని ప్రతి ఇంటివాళ్లూ వాకిట్లో మోకాలి లోతు గొయ్యి తవ్వి, పైపు కోసి, మూతి గోతిలోకి దించుకున్నారు. కిందకి దింపితే ధార బాగా వస్తుంది. ట్యాపులు లేవు, ఉత్త పైపు మూతులే. ఈ గోతులు నేను అంతకు ముందు చూడలేదా? చూశాను. వందసార్లు చూశాను. తిట్టాను కూడా, ఎవరైనా పడి కాలు విరగ్గొట్టుకుంటారని. నా శాంపిలు చివరింటి శుభ్రమైన కుళాయి దగ్గర కదా, గోతుల సంగతి నాకెందుకు?

ఆ పూట వాటిలోకి వంగి చూశాను. గిన్నెలు కడిగిన నీళ్లు, స్నానాల నీళ్లు, చంటిపిల్లల గుడ్డలు జాడించిన నీళ్లు, అన్నీ ఆ గోతుల్లోకే చేరుతున్నాయి. పైపు మూతి ఆ నీళ్లలో మునిగి ఉంది. నీళ్ల మీద తేలుతున్న ఒక వాడిపోయిన మల్లెపువ్వు చిన్నగా గుండ్రం తిరుగుతోంది. ఎవరూ ముట్టుకోకుండా. దాని కింద నీళ్లు తగ్గుతున్నాయి. పక్క గోతిలోనూ అంతే. ఆ పక్కదానిలోనూ. వీధి పొడుగునా గోతులన్నీ చప్పుడు లేకుండా ఖాళీ అవుతున్నాయి. బాబాయ్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. 

నాలుగో ఇంటి దగ్గర ఒకావిడ తెల్ల పంచెలు నీలిమందులో జాడించి, ఆ నీళ్లు గోతిలోకి వంపి లోపలికి వెళ్లింది. మేం చూస్తుండగానే ఆ నీలం పైపు మూతిలోకి సన్నటి దారంలా సాగి వెళ్లిపోయింది.

"ఇప్పుడిది ఎక్కడికి పోతుంది అమ్మాయిగారూ?" అన్నాడు బాబాయ్.

"కొంత ఊళ్లోకి జారుతుంది. మిగిలింది ఈ పైపులోనే ఉంటుంది. సాయంత్రం వాల్వు తిప్పగానే వెనకనుంచి వచ్చే నీళ్లు దాన్ని ముందుకి తోస్తాయి," అన్నాను. ముందుకి అంటే ఎక్కడికో ఇద్దరం తల తిప్పి చూశాం. వీధి చివర, సిమెంటు దిమ్మ మీద ఇత్తడి ట్యాపు ఎండకి మెరుస్తోంది.

ఆ రోజు మేం వెనక్కి వెళ్లలేదు. ఇంటావిడ వచ్చాక, అమ్మాయికి ఆ పూట బిందెలో నీళ్లు ఇవ్వొద్దని మాత్రం చెప్పాను. ఎందుకని ఆవిడ అడగలేదు. స్టవ్ మీద నీళ్లు పెట్టింది. సాయంత్రం దాకా నలుగురం ఆ ఇంట్లో కూర్చున్నాం. దేవుడి గూటి ముందు పొద్దుటి బిందె ఉంది, మూతగా పళ్లెం, పళ్లెం మీద తులసి దళం. అంత పవిత్రంగా ఉన్న వస్తువుని చూసి అంత భయపడటం నాకు జన్మలో అదే మొదలు. నా కళ్లు ఎటు తిప్పినా మళ్లీ దాని మీదికే వచ్చేవి. ఆ అమ్మాయి నన్నే చూస్తోంది.

నీళ్ల వేళయింది. ఆవిడ అలవాటు ప్రకారం స్నానం చేసి బిందె పట్టుకుని వచ్చింది. కుళాయి ముందు గాలి కక్కింది, రెండుసార్లు దగ్గింది. "మొదటిది నాకివ్వండి," అన్నాను. ఆవిడ ఒక్క క్షణం తటపటాయించింది. ఆ ఇంట్లో మొదటి నీళ్లు పరాయి చేతికి వెళ్లడం అదే మొదలు. పక్కకి జరిగింది. మూతి కాల్చలేదు, మూడు నిమిషాలు వదల్లేదు. పుస్తకంలో వద్దన్నవన్నీ చేసి గాజు సీసా నింపాను. బాబాయ్ వాచీ చూడటం మొదలుపెట్టాడు. మూడు నిమిషాలయ్యాక రెండో సీసా నింపాను.

రెండూ దిమ్మ మీద పక్కపక్కన పెట్టాను. రెండోది తేటగా ఉంది. ఇన్నేళ్లూ నేను ల్యాబుకి మోసుకెళ్లింది ఆ నీళ్లే. మొదటి సీసా వెలుతురులో లేత నీలంగా ఉంది. ఇత్తడి బిందెలో అయితే ఆ రంగు ఎవరికీ కనపడదు.

ఆవిడ చాలాసేపు చూసింది. చదువుకున్న మనిషి కాదు, అయినా నేనేమీ వివరించాల్సిన అవసరం రాలేదు. నాలుగో ఇంటివాళ్ల పంచెలు ఎదురుగా దండెం మీద ఆరుతున్నాయి.

"మొదటి బిందె పెద్దదానికి నేనే చేత్తో పోసి తాగించేదాన్నండి," అంది.

నేను రెండో సీసాకి మూత బిగించాను.

"ముందు కాచి ఇచ్చేదాన్ని. అది వచ్చిన కొత్తల్లో మీరు శాంపిలుకి వస్తే అడిగాను, కాచమంటారా అని. గ్యాసు దండగ, సీసాల్లో అమ్మే నీళ్లకంటే మీ కుళాయి నీళ్లు నయం అన్నారు. అప్పట్నుంచి మానేశాను."

ఆ మాట అన్నట్టు నాకు జ్ఞాపకం కూడా లేదు. అంత తేలిగ్గా అనేశానన్నమాట. ఆవిడ దానిని రెండేళ్లుగా అక్షరం పోకుండా దాచుకుంది. తప్పు పట్టడానికి కాదు, నమ్మింది కాబట్టి. నేను ఏడిచాను. ఆఫీసు మనిషి అలా ఏడవకూడదు, ఏడిచాను. ఆవిడ ఏడవలేదు. పెద్దమ్మాయి పోయినప్పుడే ఆవిడకి కూడా కామెర్లు వచ్చి, ఆకు పసరు వేయించుకుని లేచిందని ఆ తర్వాత తెలిసింది. ఆవిడ తాగిందీ ఆ బిందెలోదే.

మర్నాడు మా ఇంజినీరు నన్ను కూర్చోబెట్టి, "రూలు ప్రకారం మీ రిపోర్టులు కరెక్టేనమ్మా, మీకేం ఇబ్బంది లేదు," అన్నాడు. ఓదార్పు అనుకున్నాడు పాపం. గోతులు పూడ్పించడం మాత్రం రామరావణ యుద్ధమైంది. మా గోతిలో మా ఇంటి నీళ్లే కదా, మీకేంటి నొప్పి అని కొందరు కర్రలు పట్టుకొచ్చారు. నీలం సీసా పట్టుకుని ఇంటింటికీ తిరిగాను. కడుపుతో ఉన్న కోడలున్న ఇంటివాళ్లే ముందు పార పట్టారు. చివరికి కుళాయిలన్నీ స్తంభాల మీదికి ఎక్కాయి, వీధికి పెద్ద పైపు వేశారు.

చిన్నమ్మాయి సంగతి మాత్రం ఎవరి చేతిలోనూ లేదు. మూడు వారాలు ఆ నీళ్లు తాగింది. ఆ జబ్బు లోపల చేరితే బయటపడటానికి వారాలు పడుతుంది. ఎదురుచూడటం తప్ప చేసేది లేదు. రోజూ పొద్దున తల్లి ఆ పిల్లని వెలుతురులోకి తెచ్చి కనురెప్ప కిందకి లాగి చూసేది. చూసి నాకు ఫోను చేసేది. "తెల్లగానే ఉన్నాయండి," అని పెట్టేసేది. ఇంకో మాట ఉండేది కాదు. ఒకరోజు ఫోను గంట ఆలస్యమైంది. ఆ గంటలో నేను ల్యాబులో రెండు సీసాలు పగలగొట్టాను. చార్జింగు అయిపోయిందట, అంతే.

నెలలు నిండి కొవ్వూరు ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. క్షేమం.

బారసాలకి పిలిచారు. వెళ్లకూడదనుకున్నాను, బాబాయ్ బలవంతం చేసి తీసుకెళ్లాడు. మెరక వీధిలో చాన్నాళ్ల తర్వాత ఇంట్లోనే జరిగిన శుభకార్యమది. గాజుల మనిషి కూడా వచ్చి అరుగు మీద బుట్ట దింపింది. పిల్లని నా ఒళ్లో పెట్టారు. ఇంటావిడ గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి నా ముందు నిలబడింది. తీసుకున్నాను. తాగబోయే ముందు, అలవాటు కొద్దీ, గ్లాసుని వెలుతురుకి ఎత్తి చూశాను. ఆవిడ ఆ చూపు గమనించింది.

"కాచినవేనండి," అంది. కోపం లేదు. పక్కనే కూర్చుని పిల్ల పాదాలు నిమురుతూ, మామూలు మాటల్లా అంది. "మీరు ఇన్నేళ్లు వచ్చారు, ఎండన పడి వచ్చేవారు. ఎప్పుడు నీళ్లిచ్చినా వద్దండి, ఇంటి నుంచి తెచ్చుకున్నాను అనేవారు. ఒక్కసారి కూడా తాగలేదు. మీ కాగితం నమ్మాను గానీ, అది చూసి నేనే గ్రహించాల్సింది."

గ్లాసు ఖాళీ చేసి ఆవిడ చేతికిచ్చాను. ఆ రోజు కూడా నా సంచిలో ఇంటి నుంచి తెచ్చుకున్న సీసా ఉంది.